ఇంటి యంత్రాలు – మన అవగాహన: హెడ్‌ఫోను పెట్టినా స్పీకరు ఎందుకు ఆగదు?

గత రెండు మాసాలలో ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో రెండింటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, అవి ఒకే సమస్యకు రెండు ముఖాలని మాకు తోచింది.

మొదటి ఉత్తరం టౌన్‌షిప్‌లో నివసించే ఒక సోదరి వ్రాసినది. వారి భర్తగారు రాత్రి షిఫ్టు ముగించుకొని ఉదయం ఎనిమిది గంటలకు నిద్రిస్తారు. అదే వేళ ఇంటర్మీడియెట్ చదువుతున్న వారి అమ్మాయి కంప్యూటరులో పాఠాలు వింటుంది. హెడ్‌ఫోను తగిలించినా బల్లమీది స్పీకర్లు మోగుతూనే ఉంటాయి. మదర్‌బోర్డు మార్చవలసిందేనని మరమ్మతుదారు తేల్చి చెప్పాడట. రెండవ ఉత్తరం పదవీ విరమణ చేసిన ఒక పెద్దలది. వారి ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోను తీసివేసినా స్పీకర్లు నోరు విప్పవు. దూరదేశంలో ఉన్న కుమారునితో దంపతులిద్దరూ కలిసి మాట్లాడే వీలు లేక, ఒక హెడ్‌ఫోనును వంతులవారీగా చెవికి ఆనించుకొంటున్నారట.

ఇవి చిన్న ఇబ్బందులని త్రోసివేయరాదు. పగలు నిద్ర చాలని మనిషి ఆ రాత్రి కంట్రోలు ప్యానెలు ముందు కూర్చొంటాడు. దాని పర్యవసానం ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

రెండు యంత్రాలలోనూ లినక్స్ ఉన్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించిన తరువాత, కొత్త విండోస్‌కు అర్హత లేని పాత కంప్యూటర్లను పారవేయక వాటిలో లినక్స్ వేసుకొన్నవారు మనలో ఉన్నారు. అది మంచి నిర్ణయమే. అయితే చిన్న లోపం కనిపించగానే "లినక్స్‌లో ఇంతే" అనిగాని, "బోర్డు పోయింది" అనిగాని తీర్పు చెప్పడం సరికాదు. లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొన్న తరువాతనే మరమ్మతు. ప్లాంటులో మనం పాటించే ఈ నియమమే ఇంటికీ వర్తిస్తుంది.

అప్పటి జాక్, ఇప్పటి జాక్

ఆపరేటర్లు తీగలు గుచ్చి కాల్స్ కలిపిన కాలంలో టెలిఫోను ఎక్స్చేంజీలలో వాడిన 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గుకు చిన్న రూపమే నేటి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోను ప్లగ్గు. పాత ట్రాన్సిస్టరు రేడియోలో ఈ ప్లగ్గును దూర్చగానే జాక్ లోపలి సన్నని లోహపు రేకు పక్కకు జరిగి, స్పీకరుకు పోయే దారిని తెంచేది. ప్లగ్గు తీయగానే రేకు యథాస్థానానికి వచ్చేది. ఫ్రిజ్ తలుపు తీయగానే లోపలి బల్బు వెలిగినట్లే ఇది కూడా నేరుగా జరిగే పని. మధ్యవర్తి ఎవరూ లేరు.

ఇంటెల్ సంస్థ 1997లో వెలువరించిన ఏసీ-97 ప్రమాణం నాటి కంప్యూటర్లలో కూడా పెట్టె ముందుభాగపు జాక్‌లకు ఈ పద్ధతినే అనుసరించారు. శబ్దసంకేతం ముందు జాక్ వరకు వచ్చి, అక్కడ ప్లగ్గు లేకపోతే తిరిగి వెనుక జాక్‌కు పోయేది. ప్లగ్గు ఉంటే ఆ తిరుగుదారి తెగిపోయేది.

2004లో అదే సంస్థ హై డెఫినిషన్ ఆడియో అనే కొత్త ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. ఇందులో జాక్‌లోని స్విచ్చి శబ్దపు దారిని తెంచదు. ప్లగ్గు వచ్చినదీ పోయినదీ తెలియజేయడమే దాని పని. ఇది ఫ్రిజ్ బల్బు వంటిది కాదు, కాలింగ్ బెల్ వంటిది. మీట నొక్కినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. లోపల ఉన్నవారు విని, లేచి వచ్చి తెరవవలెను.

ఈ వార్త చేరే విధానం ముచ్చటైనది. ఒకే తీగపై నాలుగు జాక్‌ల స్విచ్చులకు 39.2, 20, 10, 5.1 కిలో ఓముల నిరోధకాలను అమర్చుతారు. ఒక్కొక్కటి ముందుదానిలో దాదాపు సగం. ఏ జాక్‌లో ప్లగ్గు ఉంటే దాని నిరోధకం ఆ తీగకు కలుస్తుంది. కోడెక్ అనే చిప్ మొత్తం నిరోధాన్ని కొలిచి, ఏయే జాక్‌లలో ప్లగ్గులు ఉన్నవో గ్రహిస్తుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది కిలోల తూకపు రాళ్లలో ఏవి తక్కెడలో ఉన్నవో మొత్తం బరువును బట్టి చెప్పగలిగినట్లే ఇదీ.

కోడెక్‌కు అందిన వార్త అక్కడితో ఆగదు. లినక్స్ కెర్నెల్‌లోని ఆల్సా అనే డ్రైవర్ల వ్యవస్థ దానిని స్వీకరిస్తుంది. చెక్ దేశానికి చెందిన యారొస్లావ్ కిసెలా 1998లో ప్రారంభించిన ప్రాజెక్టు ఇది. ఆల్సా ఆ వార్తను శబ్ద సర్వరుకు అందిస్తుంది. శబ్ద సర్వరు అంటే అనేక ప్రోగ్రాముల ధ్వనులను కలిపి, ఎటు పంపవలెనో నిర్ణయించే మధ్యవర్తి. 2004లో మొదలైన పల్స్ ఆడియో చాలాకాలం ఈ బాధ్యతను నిర్వహించింది. తరువాత విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఆ స్థానంలోకి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 దీనినే ప్రధాన సర్వరుగా స్వీకరించాయి. చివరి మెట్టు మనం చూసే బ్రౌజరు, వీడియో ప్లేయరు వంటి ప్రోగ్రాములు.

కనుక ప్లగ్గు వార్త జాక్, కోడెక్, ఆల్సా, శబ్ద సర్వరు, ప్రోగ్రాము అనే ఐదు చేతులు మారుతుంది. ఏ చేతిలో ఆగినా మనకు కనిపించే లక్షణం ఒక్కటే: శబ్దం రావలసిన చోట రాదు, రాకూడని చోట వస్తుంది. లక్షణాన్ని చూసి బోర్డు మార్చడమంటే, బెల్ మోగినా తలుపు తీయలేదని ఇల్లు కూలగొట్టడమే.

పరీక్షా క్రమం

పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ముందు ఏమి ఉన్నదో కాగితం మీద వ్రాసుకోవలెను. హెడ్‌ఫోనును చెవులకు పెట్టుకొనే ముందు వాల్యూము తగ్గించవలెను. దారి మారినప్పుడు వాల్యూము కూడా అకస్మాత్తుగా మారవచ్చు. క్రింద చెప్పే ఆదేశాలను టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతో టైపు చేయవలెను. ఉచ్చారణను మాత్రమే ఇక్కడ తెలుగులో ఇస్తున్నాము.

మొదటి మెట్టు: కన్ను, చేయి. ప్లగ్గు చివరి వరకు దిగినదో లేదో చూడవలెను. టిక్కుమని కూర్చోని ప్లగ్గు సగం వార్తే ఇస్తుంది. అదే హెడ్‌ఫోనును మొబైలు ఫోనులోనో, రేడియోలోనో పెట్టి పరీక్షించవలెను. ల్యాప్‌టాప్ జాక్‌లో దూది పోగులు, దుమ్ము చేరితే స్విచ్చి రేకు ఇరుక్కుపోయి, ప్లగ్గు లేకపోయినా ఉన్నట్లే వార్త ఇస్తుంది. యంత్రాన్ని పూర్తిగా ఆపి, గాలి ఊది, శుభ్రమైన ప్లగ్గును పది పదిహేను సార్లు దూర్చి తీయవలెను. సూదులు, పిన్నీసులు వాడరాదు.

రెండవ మెట్టు: వార్త పుట్టినదా? అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఇదే. మొదట "ఏప్లే" అని వ్రాసి, ఖాళీ ఇచ్చి, అడ్డుగీత, దాని పక్కన చిన్న "ఎల్" టైపు చేస్తే యంత్రంలోని సౌండు కార్డుల జాబితా వస్తుంది. మదర్‌బోర్డులోని ఆడియోకు "ఎనలాగ్" అన్న మాట కనిపిస్తుంది. హెచ్.డి.ఎమ్.ఐ. అన్నది మానిటరుకు పోయే దారి. ఎనలాగ్ కార్డు సంఖ్య 0 అయినచో, "ఏమిక్సర్", ఖాళీ, అడ్డుగీత, చిన్న "సి", ఖాళీ, 0, ఖాళీ, "కంటెంట్స్" అని టైపు చేయవలెను. సంఖ్య 1 అయితే 0కి బదులు 1. వచ్చిన పొడవైన జాబితాలో "హెడ్‌ఫోన్ జాక్" లేక "ఫ్రంట్ హెడ్‌ఫోన్ జాక్" అన్న పేరును వెదకి, దాని విలువ ఆన్ అని ఉన్నదో, ఆఫ్ అని ఉన్నదో చూడవలెను. ప్లగ్గు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి ఆదేశాన్ని ఇవ్వవలెను.

విలువ సరిగా మారుతూ ఉంటే జాక్, కోడెక్, డ్రైవరు నిర్దోషులు. లోపం పై మెట్లలో, అనగా సెట్టింగులలోనే ఉన్నది. స్క్రూడ్రైవరును దూరంగా పెట్టవచ్చు. విలువ మారకుండా ఒకేచోట నిలిచిపోతే లోపం జాక్‌లోనో, తీగలోనో ఉన్నట్లు అనుమానించవలెను. పేరులో "ఫాంటమ్ జాక్" అని కనిపిస్తే, ఆ జాక్‌కు వార్త చెప్పే సామర్థ్యమే లేదని డ్రైవరు భావిస్తున్నదని అర్థం.

డెస్క్‌టాప్‌లో ఇలా జరగడానికి ఒక సామాన్య కారణం ఉన్నది. పెట్టె ముందుభాగం నుంచి మదర్‌బోర్డుకు వచ్చే ఆడియో తీగకు కొన్ని క్యాబినెట్లలో రెండు కనెక్టర్లు ఉంటాయి. ఒకదానిపై హెచ్.డి. ఆడియో అని, రెండవదానిపై ఏసీ-97 అని ముద్రించి ఉంటుంది. బిగించినవారు రెండవదానిని తగిలించి ఉంటే వార్తా తీగ పనిచేయదు. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లో కూడా "ఫ్రంట్ ప్యానెల్" అన్నచోట ఇదే ఎంపిక ఉంటుంది. కరెంటు ప్లగ్గు తీసివేసి కనెక్టరును మార్చడం, బయోస్‌లో హెచ్.డి. అని ఎంచుకోవడం ఖర్చు లేని పనులు.

మూడవ మెట్టు: వార్తపై ఆల్సా ఏమి చేయుచున్నది? "ఆల్సామిక్సర్" అని టైపు చేస్తే నిలువు పట్టీలతో కూడిన తెర వస్తుంది. ఎఫ్6 మీట నొక్కి ఎనలాగ్ కార్డును ఎంచుకోవలెను. హెడ్‌ఫోను, స్పీకరు, లైన్-అవుట్, ఫ్రంట్ మొదలైన పట్టీల క్రింద రెండు "ఎమ్" అక్షరాలు ఉంటే ఆ దారి మూసి ఉన్నదని అర్థం. "ఎమ్" మీట నొక్కితే తెరుచుకొంటుంది. కుడివైపు బాణపు మీటతో చివరకు పోతే చాలా యంత్రాలలో "ఆటో-మ్యూట్ మోడ్" కనిపిస్తుంది. ప్లగ్గు వార్త రాగానే ఇతర దారులను మూయవలెనా వద్దా అన్న ఆజ్ఞ అదే.

ఇక్కడ డెస్క్‌టాపు వాడేవారు ఒక సూక్ష్మాన్ని గమనించవలెను. ఆటో-మ్యూట్‌కు కొన్ని యంత్రాలలో మూడు స్థితులు ఉంటాయి: "డిసేబుల్డ్", "స్పీకర్ ఓన్లీ", "లైన్ అవుట్ ప్లస్ స్పీకర్". బల్లమీద మనం స్పీకర్లని పిలిచేవాటిని సాధారణంగా వెనుకనున్న ఆకుపచ్చ జాక్‌కు తగిలిస్తాము. కంప్యూటరు లెక్కలో అది స్పీకరు కాదు, లైన్-అవుట్. ఎంపిక "స్పీకర్ ఓన్లీ" అని ఉంటే యంత్రం తనకు చెప్పిన పని తాను చేస్తూనే ఉంటుంది, బల్లమీది స్పీకర్లు మాత్రం ఆగవు. మూడవ స్థితికి మార్చితే సరిపోతుంది. రెండూ ఒకేసారి మోగవలెనని కోరుకొనేవారు ఇదే చోట "డిసేబుల్డ్" ఎంచుకోవచ్చు. మార్పు నిలిచి ఉండడానికి "సుడో ఆల్సాకంట్రోల్ స్టోర్" అన్న ఆదేశం ఉన్నది. ఇందులో రెండవ మాటను ఎ-ఎల్-ఎస్-ఎ-సి-టి-ఎల్ అని వ్రాయవలెను.

నాలుగవ మెట్టు: శబ్ద సర్వరు. "పావుకంట్రోల్" అనే ప్రోగ్రామును స్థాపించుకోవలెను. ఇది పల్స్ ఆడియో కోసం పుట్టినదైనా, పైప్‌వైర్ ఉన్న యంత్రాలలోనూ పనిచేస్తుంది. "కాన్ఫిగరేషన్" పుటలో ఎనలాగ్ కార్డు "ఆఫ్" అని ఉండరాదు. "అవుట్‌పుట్ డివైసెస్" పుటలో "పోర్ట్" అన్నచోట హెడ్‌ఫోన్స్, స్పీకర్స్ లేక లైన్ అవుట్ అన్న పేర్లు, వాటి పక్కన "ప్లగ్డ్ ఇన్" లేక "అన్‌ప్లగ్డ్" అన్న మాటలు కనిపిస్తాయి. రెండవ మెట్టులో చూసిన వార్తే ఇక్కడికి చేరి ఉండవలెను. ప్రతి పోర్టుకూ వేరు వేరుగా వాల్యూము గుర్తుపెట్టుకొనే అలవాటు ఈ సర్వరుకు ఉన్నది. ఎప్పుడో స్పీకరు పోర్టును మూసి మరచిపోతే, హెడ్‌ఫోను తీసిన ప్రతిసారీ అది మూసిన స్థితిలోనే తిరిగివస్తుంది.

హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో మానిటరును కలిపినవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. మానిటరులో స్పీకర్లు లేకపోయినా సర్వరు శబ్దాన్ని అటే పంపవచ్చు. అవుట్‌పుట్ డివైసెస్ పుటలో ఎనలాగ్ పరికరం పక్కనున్న ఆకుపచ్చ గుర్తును నొక్కి దానిని ప్రధాన పరికరంగా చేయవలెను.

ఐదవ మెట్టు: ప్రోగ్రాము. ఏ ప్రోగ్రాము చివరిసారి ఏ పరికరంలో మోగినదో సర్వరు జ్ఞాపకం ఉంచుకొంటుంది. పాట స్పీకరులో, పాఠం హెడ్‌ఫోనులో వస్తున్నదంటే కారణం ఇదే కావచ్చు. శబ్దం మోగుతూ ఉండగా "ప్లేబ్యాక్" పుటలో ఆ ప్రోగ్రాము పక్కన సరియైన పరికరాన్ని ఎంచుకోవలెను. యు.ఎస్.బి., బ్లూటూత్ హెడ్‌ఫోనులు వాడేవారికి మూడవ మెట్టు వర్తించదు. అవి స్వయంగా వేరే కార్డులు. వాటి విషయంలో నిర్ణయం పూర్తిగా సర్వరుదే.

రెండు ఉత్తరాలకు మా సమాధానం

సోదరికి: మీ అమ్మాయి హెడ్‌ఫోనులో పాఠం వినిపిస్తూనే ఉన్నదని, స్పీకర్లు మాత్రం ఆగడం లేదని వ్రాశారు. అనగా శబ్దం పుట్టించే భాగమంతా ఆరోగ్యంగా ఉన్నది. కాబట్టి బోర్డు మార్చవద్దు. రెండవ మెట్టు పరీక్ష చేయించండి. విలువ మారుతూ ఉంటే ఆటో-మ్యూట్‌ను మూడవ స్థితికి మార్చండి. మారకపోతే ముందుభాగపు కనెక్టరును, బయోస్‌ను చూడవలెను. ఇవన్నీ తేలేవరకు ఒక తాత్కాలిక ఉపాయం: పాఠం మొదలయ్యే ముందు బల్లమీది స్పీకర్ల మీటను ఆపివేయమని అమ్మాయికి చెప్పండి. ఆ ఇంట ఉదయపు నిద్రకు ఈ రోజే రక్షణ దొరుకుతుంది.

పెద్దలకు: ప్లగ్గు తీసిన తరువాత కూడా హెడ్‌ఫోన్ జాక్ విలువ ఆన్ అనే చూపితే, జాక్‌ను పైన చెప్పిన విధంగా శుభ్రం చేయించండి. అప్పటికీ మారకపోతే ఆల్సామిక్సర్‌లో ఆటో-మ్యూట్‌ను డిసేబుల్డ్ చేసి, స్పీకరు పట్టీని తెరిచి, పావుకంట్రోల్‌లో "అన్‌ప్లగ్డ్" లేక "అనవైలబుల్" అని కనిపించినా స్పీకర్స్ పోర్టునే చేతితో ఎంచుకోండి. చాలా యంత్రాలలో ఇంతమాత్రాన స్పీకర్లు పలుకుతాయి. జాక్ పూర్తిగా పాడైనా, యు.ఎస్.బి. సౌండు అడాప్టరు ఒకటి కొని దానికి చిన్న స్పీకర్లు తగిలించుకొంటే ల్యాప్‌టాప్‌ను విప్పవలసిన అవసరం ఉండదు.

ఇంతకూ తేలనివారి కోసం "హెచ్-డి-ఎ-జాక్-రీటాస్క్" అనే మరొక సాధనం ఉన్నది. కోడెక్‌లోని ఏ పిన్ను ఏ జాక్‌కు చెందుతుందో తయారీదారు తప్పుగా నమోదు చేసినప్పుడు దానితో సరిదిద్దవచ్చు. అయితే మొదటి నాలుగు మెట్లూ పూర్తి చేసి, పాత విలువలను వ్రాసి పెట్టుకొన్న తరువాతనే దాని జోలికి పోవలెను.

మరమ్మతుదారుల మీద మాకు ఆక్షేపణ లేదు. అయితే వారి వద్దకు పోయేటప్పుడు "శబ్దం రావడం లేదు" అని చెప్పడానికీ, "ప్లగ్గు తీసినా జాక్ విలువ ఆన్‌లోనే ఉంటున్నది" అని చెప్పడానికీ చాలా వ్యత్యాసం ఉన్నది. మొదటి మాట విన్నవారు ఊహిస్తారు. రెండవ మాట విన్నవారు జాక్‌నే చూస్తారు. మార్చవలసింది చిన్న జాక్ అయినప్పుడు పెద్ద బోర్డుకు డబ్బు చెల్లించకుండా మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

ఈ పరీక్షలు చేసిన పాఠకులు తమ యంత్రం పేరు, లినక్స్ పేరు, రెండవ మెట్టులో కనిపించిన విలువలు వ్రాసి పంపితే, పదిమందికి ఉపయోగపడే వాటిని ఇదే శీర్షికలో ప్రచురిస్తాము. హెడ్‌ఫోనులో వినిపిస్తున్నా మైకులో మన మాట అవతలివారికి చేరని సమస్యను గూర్చి వచ్చే సంచికలో ముచ్చటించుకొందాము.